ఆది పైజామా

నాగలత పెట్టిన వీడియోను నాహిద్ సోమవారం పొద్దుటికి పదకొండుసార్లు చూసింది. మొదటి రెండుసార్లు సంతోషంతో చూసింది. మిగిలిన తొమ్మిదిసార్లూ మనసు కుదురు లేక చూసింది.

ముప్ఫై సెకన్ల వీడియో. బట్టల కొట్టు ఉమాశంకర్ గారి భార్య నాగలత తమ మేడ మీద వరండాలో లేత నీలం నూలు ప్యాంటు వేసుకుని ఇటునుంచి అటు నడుస్తుంది. గొంతుక్కూర్చుని లేస్తుంది. బాసింపట్టు వేసుకుని లేస్తుంది. చివర్లో ఒక కాలు కుర్చీ మీద పెట్టి, తొడ దగ్గర గుడ్డను రెండు వేళ్ళతో పట్టి ఊపుతూ, "చూశారుగా, రోహిణి కార్తెలో కూడా లోపల చల్లగా గాలి తిరుగుతూనే ఉంటుంది. ఇది నా సొంత డిజైను. మా తిరువూరులో మా టైలరు నాహిద్ చేత దగ్గరుండి కుట్టించుకున్నాను" అంటుంది.

శనివారం సాయంత్రం పెట్టింది. సోమవారానికి లక్షా నలభై వేలమంది చూశారు. హైదరాబాదు నుంచీ బెంగుళూరు నుంచీ ఎవరెవరో ఆడవాళ్ళు నాకొకటి కావాలంటే నాకొకటి కావాలని కింద రాశారు. ఎడమ కాలు ఊగే తీరు భలేగా ఉందని ఒకావిడ రాసింది.

నాహిద్‌ను కుదురుగా కూర్చోనివ్వనిది ఆ ఎడమ కాలే.

ఆ ప్యాంటుకి ఎడమ తొడ కుడి తొడ కంటే అంగుళమున్నర వెడల్పు. కత్తిరించే రోజునే చూసింది. నాగలత గుడ్డతోపాటు ఉన్న పాత ఆదిని బల్ల మీద పరిచి, తిరగేసి, మళ్ళీ పరిచి చూసింది. ముందువైపు మధ్యలో కుట్టే లేదు. కాళ్ళు కలిసేచోట వేసే నాలుగు పలకల ముక్క, వాళ్ళింట్లో మియానీ అంటారు దాన్ని, మామూలుగా ఉండేదానికి రెండింతలుంది. బొందు దోపే మడత నడుముకి బాగా పైన ఉంది. ఇదేం కోతరా అనుకుంది. కానీ ఆది ఎలా ఉంటే అలా కుట్టడం నాహిద్ పద్ధతి. వంకరుంటే ఆ వంకరతో సహా. ఒంట్లో ఉన్న ఇబ్బంది మనుషులు టైలరుకి నోటితో చెప్పరు, బట్టే చెబుతుందని ఆమెకు పని నేర్పిన మేనత్త అంటుండేది. విజయవాడలో ఇదేదో కొత్త ఫ్యాషను కాబోలు అనుకుని గుడ్డ మీద ఆదిని పెట్టి సుద్దతో గీసి కత్తెర వేసేసింది.

తొమ్మిదేళ్ళుగా ఇంటి ముందు గదిలో మిషను పెట్టుకుని కుడుతోంది. ఒక్క బట్ట తిరిగి రాలేదు. "నాహిద్‌కి ఆది ఇస్తే చాలు, మళ్ళీ చూసుకోనక్కర్లేదు" అని ఆ బజారులో ఆడవాళ్ళు అనుకునే మాట ఆమెకు తెలుసు. బోర్డు లేని ఆ గదికి ఆ మాటే బోర్డు.

పన్నెండోసారి వీడియో నొక్కబోతుంటే మాణిక్యమ్మ గుమ్మంలోకి వచ్చింది.

మాణిక్యమ్మ అంగన్‌వాడీ టీచరుగా చేసి రిటైరైన మనిషి. చేతిలో ఉమాశంకర్ గారి కొట్టు కవరు ఉంది. ఆ ఊళ్ళో సగం ఇళ్ళలో ఉండే కవరే. కూర్చోమన్నా కూర్చోకుండా కవరులోంచి రెండు తెల్ల పైజామాలు తీసి మిషను మీద పెట్టింది.

"అమ్మాయ్, ఇవి ఎవరివి?"

"మీవే టీచరమ్మా. శుక్రవారం మా ఆయన తెచ్చి మీ పక్కింట్లో ఇచ్చారుగా, మీరు ఊళ్ళో లేరంటే."

"గుడ్డ మాదే. కొలత మాది కాదు. నేను రాత్రే విజయవాడ నుంచి వచ్చి విప్పి చూశా." మాణిక్యమ్మ కవరులోంచి మరొకటి తీసింది. అది కాళ్ళకి అంటుకుని ఉండే పాత కాటన్ ప్యాంటు. "ఈ ఆది కూడా మాది కాదు."

నాహిద్ దాన్ని చేతిలోకి తీసుకుంది. నడుము పట్టీ లోపల రెడీమేడ్ కంపెనీ పేరు సగం చెరిగిపోయి ఉంది. ఇలాంటివి తిరువూరులో మాణిక్యమ్మ వేసుకోదు, ఆమె ఇంట్లో ఇంకెవరూ వేసుకోరు. అప్పుడు అనుకోలేదు గానీ ఇప్పుడు చూస్తుంటే అది అచ్చంగా నాగలత వేసుకునేదే.

"మీ మనవరాలికేమో అనుకున్నా టీచరమ్మా. రెండు పైజామాలు, ఇదిగో ఆది అన్నారు, అంతే."

"ఎవరికని నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు." మాణిక్యమ్మ గదిలోకి ఓసారి చూసింది. నాహిద్ అత్త మస్తాన్‌బీ నేలమీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. మాణిక్యమ్మ గొంతు తగ్గించింది. "మా ఆయనకమ్మా. హెర్నియా ఆపరేషన్. ఎనిమిదేళ్ళ కిందట ఎడమ పక్క చేశారు, మళ్ళీ అక్కడే తిరగబెట్టింది. మొన్న మళ్ళీ కోశారు. అప్పట్లో గంపలగూడెంలో ఒక ముసలి టైలరు ఈయన్ని నిలబెట్టి, నడిపించి, చూసి కుట్టాడు ఆ పైజామా. ఆ టైలరు ఇప్పుడు లేడు. అది తప్ప ఇంకోటి ఒంటి మీద నిలవనివ్వడీయన."

"లుంగీ?"

"లుంగీ ముడి సరిగ్గా కుట్ల మీదికే వస్తుంది. ఆసుపత్రిలో రెండు రోజులు చూశాగా. గురువారం ఇంటికి పంపిస్తారు. ఒక్కటే పైజామా, ఉతికి ఆరేసేదాకా ఏం కట్టబెట్టను? అందుకే ఇంకో రెండు కుట్టిద్దామనుకున్నా." ఆమె ఆగింది. "ఎవరితోనూ అనకమ్మా. లైన్‌మన్‌గా ముప్ఫై ఏళ్ళు ఈ ఊరి స్తంభాలన్నీ ఎక్కిన మనిషి. అక్కడ ఆపరేషనంటే ఆయనకి నామోషీ. నా నోటితో నేను చెప్పానని తెలిస్తే అన్నం తినడు."

"అనను."

"మరి మా పైజామా ఏది?"

"ఒకళ్ళింటికి వెళ్ళింది. తెచ్చేస్తాను. బుధవారం సాయంత్రానికి కొత్తవి రెండూ కుట్టి, పాతది కూడా మీ చేతిలో పెడతాను."

"గుడ్డ పాడైందిగా."

"గుడ్డ నేను తెస్తాను టీచరమ్మా."

మాణిక్యమ్మ వెళ్ళాక నాహిద్ నిలబడే ఉంది. మస్తాన్‌బీ చింతపండు పళ్ళెం పక్కకి జరిపింది.

"నన్ను అనాలని ఉంటే అను. గాలిదుమారం వచ్చిన రోజు మేడమీద నువ్వు తడిపి ఆరేసిన గుడ్డలు తెచ్చి మడతపెట్టింది నేనే. రెండు ఆదులూ బల్ల మీదున్నాయి. చీటీలు ఎగిరిపోయి కిందున్నాయి. ఒక్కో మడత మీద ఒక్కో ఆది, ఒక్కో చీటీ పెట్టా."

కొత్త నూలుగుడ్డ కత్తిరించబోయే ముందు ఒక రాత్రి నీళ్ళలో నానబెట్టి ఆరేస్తుంది నాహిద్. లేకపోతే కుట్టాక ముడుచుకుపోతుంది. గుడ్డలు మేడ మీదికి వెళ్ళే ముందు పేరు రాసిన చీటీని ఆదికి గుండుసూదితో గుచ్చడం కూడా ఆమె పద్ధతే. ఆ రోజు గుండుసూదులు అయిపోయాయి. తర్వాత తెచ్చి గుచ్చుదాంలే అని ఊరికే మడతలో దోపింది.

"మిమ్మల్ని ఎందుకంటాను అత్తమ్మా. చీటీ నాది, సూది నాది."

"ఆ నాగలతమ్మ ఇంటికేగా వెళ్ళింది?"

"ఊఁ."

"అంటే ఆ సెల్‌ఫోన్లో ఊగుతున్నది లైన్‌మన్ గారి..." మస్తాన్‌బీ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "నవ్వొస్తే నన్ను తిట్టకు."

నాహిద్‌కు నవ్వు రాలేదు. అప్పటికే చెప్పుల్లో కాళ్ళు పెట్టింది.

నాగలత మేడ మీద ఫోను ఛార్జింగు పెట్టి, అది నిండేదాకా ఆగలేక వైరుతో సహా చేతిలో పట్టుకుని కూర్చుంది. నాహిద్‌ను చూడగానే, "రా రా, నీకే ఫోను చేద్దామనుకుంటున్నా. ఇరవై రెండుమంది నాహిద్. నేను రాసుకున్నా. ఇరవై రెండుమందికి అచ్చం ఇలాంటిదే కావాలంట. రేపు ఇంకెంతమందో. బుధవారం సాయంత్రం ఐదింటికి లైవ్ పెడతానని చెప్పేశా. నువ్వు కూడా రావాలి" అంది.

"అక్కా, మొన్న ప్యాంటుతోపాటు ఆది పంపించా కదా, కవరులో. అదొకసారి ఇస్తారా?"

నాగలత ఫోను మీదినుంచి చూపు తిప్పింది. "దాన్లో ఉన్న పైజామానా?"

"మీరు చూశారా?"

"చూడకుండా ఉంటానా. నా ఆది ఎక్కడో పోగొట్టి, మీ సైఫుల్లాది పెట్టి కుట్టేశావనుకున్నా. ప్యాంటు చూస్తే ఇంత బాగా కుదిరింది. అడిగితే నువ్వు నొచ్చుకుంటావని ఊరుకున్నా."

"మా ఆయనది కాదక్కా. అది కావాలి నాకు, ఇప్పుడే."

నాగలత లేచింది. అల్మారా వైపు వెళ్ళలేదు. వంటింట్లోకి వెళ్ళి మూత ఉన్న స్టీలు డబ్బా ఒకటి పట్టుకొచ్చి నాహిద్ ముందు పెట్టింది.

"ఆదివారం స్టీలు సామాన్లాయన వచ్చాడు. పాతబట్టలన్నీ మూటగట్టి వేశాను. నీ దగ్గరే ఉంచుకోకుండా నాకు పంపించావంటే నీకక్కర్లేదేమోనని దాన్ని కూడా... పాతదేగా నాహిద్. మోకాళ్ళ దగ్గర పలచబడిపోయి ఉంది."

నాహిద్ డబ్బా వంక చూసింది. మూత సరిగ్గా పట్టలేదు.

"ఏ వైపు వెళ్ళాడు?"

"బండి మీద విస్సన్నపేట రోడ్డు పట్టాడు. ఎవరిదది?"

"ఒకళ్ళదక్కా" అని నాహిద్ మెట్లు దిగింది.

సైఫుల్లా విస్సన్నపేట రూటులో షేర్ ఆటో నడుపుతాడు. ఫోను చేస్తే మొదట విసుక్కున్నాడు, తర్వాత విన్నాడు. ఆ మధ్యాహ్నమంతా నాహిద్ మిషను ముందు కూర్చోవడం, లేవడం, గుమ్మందాకా వెళ్ళి రావడం. కుట్టాల్సిన జాకెట్టు ఒకటి చేతిలోకి తీసుకుంది, ఒక చెయ్యి కుట్టింది, అది కుడి చెయ్యో ఎడమ చెయ్యో మళ్ళీ చూసుకుంది. మామూలుగా ఆమె చూసుకోదు. ఫోను మోగితే నాగలత. ఇరవై రెండు కాదు, ముప్ఫై ఒకటి అయిందని చెప్పడానికి.

నాలుగింటికి సైఫుల్లా చేశాడు. "దొరికాడు. ఎ.కొండూరు రోడ్డులో టీ బంకు దగ్గర. మూటలన్నీ తెల్లవారుజామునే విజయవాడ లారీలో వేసేశాడంట. అక్కడ చీల్చి మిషన్లు తుడిచే గుడ్డలకి అమ్ముతారంట. ఇప్పటికి చించేసి ఉంటారు."

"నిజంగా అడిగారా?"

"నిజంగానే అడిగా. నాకు ఒక గ్లాసు అమ్మబోయాడు కూడా."

నాహిద్ పాత దుప్పటి ఒకటి బల్ల మీద పరిచింది. ఆమె ఎప్పుడూ కొలతలు రాసుకోదు. ఆదిని గుడ్డ మీద పెట్టి చుట్టూ సుద్దతో గీస్తుంది. కనక పుస్తకంలో లేదు, చీటీలో లేదు. చేతుల్లో మిగిలిందేమైనా ఉంటే ఉండాలి. కళ్ళు మూసుకుని, మళ్ళీ తెరిచి, గుర్తున్నంతవరకు గీసి కత్తిరించింది. చీకటి పడకముందే కుట్టి, ఇంటికొచ్చిన సైఫుల్లాకి ఇచ్చి వేసుకోమంది.

అతను వేసుకుని నాలుగడుగులు నడిచాడు. వంగాడు.

"ఎలా ఉంది?"

"బాగానే ఉంది."

"బాగానే అంటే?"

"బాగానే అంటే బాగానే. ఇదిగో, ఇక్కడ కొంచెం పట్టేస్తోంది."

ఎడమ తొడ మొదలు దగ్గర అతను చెయ్యి పెట్టాడు. సరిగ్గా టీచరమ్మ భర్త ఐజాక్ గారికి కుట్లుండే చోటు. నాహిద్ దాన్ని విప్పించి, కుట్టు ఊడదీసి, మియానీ పెద్దది వేసి మళ్ళీ ఇచ్చింది. ఈసారి వెనక సంచిలా వేలాడింది. మూడోసారి సైఫుల్లా, "పొద్దుట్నుంచి ఆటో తోలి వచ్చినవాణ్ణి పేషెంటుని చేశావు, అన్నమన్నా పెట్టవా" అన్నాడు. మస్తాన్‌బీ కంచం పెట్టింది. నాహిద్ దుప్పటి ముక్కల మధ్య కూర్చుని ఫోను తెరిచింది. వీడియోలో నీలం ప్యాంటు ఇటునుంచి అటు నడుస్తోంది. గొంతుక్కూర్చుంటోంది. లేస్తోంది. ఎక్కడా పట్టడం లేదు, ఎక్కడా వేలాడడం లేదు.

ఆ కోత ఇక లోకంలో ఉన్నది ఆ ఒక్క ప్యాంటులోనే.

మంగళవారం పదకొండింటికి ఆమె మళ్ళీ ఆ మెట్లెక్కింది. నాగలత ఆ ప్యాంటులోనే ఉంది. ఫోనుని కిటికీ ఊచలకి ఆనించి, రెండో వీడియోకి వెలుతురు సరిచూసుకుంటోంది.

"అక్కా, ఆ ప్యాంటు నాకు ఒక్కరోజు ఇవ్వాలి."

"ఎందుకు? పాడైందా ఎక్కడన్నా?"

"పాడవలేదు. ఆదికి కావాలి."

"ఆ ముప్ఫై ఒకటికా? అప్పుడే మొదలెడుతున్నావా?"

"వాటికి కాదు. ఆ పైజామా ఎవరిదో వాళ్ళకి రెండు కుట్టివ్వాలి. రేపు సాయంత్రానికి."

"నా ఒంటి మీదే కొలుచుకో. టేపు తెచ్చావుగా."

నాహిద్ మోకాళ్ళ మీద కూర్చుని కొలిచింది. నడుము, పొడుగు, తొడ చుట్టు, పాదం దగ్గర వెడల్పు. తర్వాత టేపు చేతికి చుట్టుకుంటూ అలాగే కూర్చుండిపోయింది.

"ఇవన్నీ నా చేతికి గుర్తే ఉన్నాయక్కా. లోపలి ముక్క కావాలి. అది కుట్టు విప్పి పరిస్తే గాని తెలియదు."

"విప్పుతావా?" నాగలత ఒక అడుగు వెనక్కి వేసింది. "రేపు ఐదింటికి లైవ్ పెట్టుకుని దీన్ని విప్పేస్తానంటావేంటి?"

"నాలుగింటికల్లా మళ్ళీ కుట్టి పంపిస్తా."

"మళ్ళీ ఇలాగే వస్తుందని ఏంటి నమ్మకం? అసలు ఎవరు నాహిద్ వాళ్ళు? అంత తొందరేంటి? పైజామానే కదా, ఒక సైజు పెద్దది కుట్టివ్వు, సర్దుకుంటారు."

"సర్దుకోలేరు. ఆపరేషన్ అయిన మనిషి. పెద్దాయన. కుట్ల మీద ఏదీ తగలకూడదు, అందుకని అలా కుట్టించుకున్నారు ఒకప్పుడు. ముందువైపు కుట్టు లేకపోవడం, ఒక కాలు వెడల్పు, బొందు పైకుండటం అన్నీ అందుకే. రేపటికల్లా అందకపోతే గురువారం ఇంటికొచ్చి ఆయన ఏం వేసుకుంటాడో నాకు తెలియదు. పేరు అడగొద్దు. చెప్పనని మాటిచ్చా."

నాగలత తన కాళ్ళ వంక చూసుకుంది. చూసుకుని మెల్లగా కుర్చీలో కూర్చుంది. కూర్చోవడం కూడా ఆ ప్యాంటులో సుఖంగానే ఉన్నట్టుంది, అదే ఆమెకు కష్టంగా తోచినట్టుంది.

"అంటే ఎవరో ముసలాయన ఆపరేషన్ పైజామాని నా సొంత డిజైనని లక్షన్నరమందికి చూపించానా."

నాహిద్ టేపు మడిచి పక్కన పెట్టింది.

"మొన్న పెళ్ళిలో కూడా చూపించా. మా ఆడపడుచులందరూ చూశారు. నీకెప్పుడు తెలిసింది?"

"నిన్న."

"వాళ్ళకి తెలుసా, నా దగ్గరుందని?"

"తెలియదు. నేను చెప్పను. వాళ్ళు మీకంటే ఎక్కువ దాచుకుంటున్నారు ఈ సంగతి."

"మరి నువ్వు? నువ్వు ఆదులు మార్చేశావని బయటికొస్తే?"

అదే మాట నాహిద్ రాత్రంతా తనను తాను అడిగింది. తొమ్మిదేళ్ళ మాట. దాన్ని నాగలత అడిగితే జవాబు తొందరగానే వచ్చింది.

"నేను మార్చింది నిజమే కదక్కా. వాళ్ళకి నేనే చెప్పాలి, ఆది పోయిందని. గురువారం చెబుతా. మీ పేరు రాదు. అయితే ఆ సొంత డిజైనన్న మాట మీరు తీసేయండి."

"తీసేసి ఏమని పెట్టను? టైలరు తప్పు కుట్టిందని పెట్టనా?"

"పెట్టండి."

నాగలత ఆమె మొహంలోకి చూసింది, వేళాకోళమేమోనని. కాదని తెలిశాక చూపు కిటికీ వైపు తిప్పుకుంది. ఫోను ఇంకా ఊచలకి ఆనుకుని ఖాళీ వరండాను చూపిస్తోంది.

"మొండిదానివి నువ్వు" అని లోపలికి వెళ్ళింది. ఐదు నిమిషాలకి నైటీలో బయటికి వచ్చి, మడతపెట్టిన నీలం ప్యాంటు నాహిద్ చేతిలో పెట్టింది. "నాలుగంటే నాలుగే. నాలుగూ పది కాదు."

అక్కడినుంచే నాహిద్ కింద కొట్టులోకి దిగి తెల్లగుడ్డ తన డబ్బుతో కొంది. ఇంటికెళ్ళగానే తడిపి ఆరేసింది. ఒక రాత్రి నానాల్సింది, టైము లేక మూడు గంటలే నానబెట్టింది. ఎండ ఉన్నందుకు మొదటిసారి సంతోషించింది.

బుధవారం పొద్దున్నే నీలం ప్యాంటు కుట్లు విప్పింది. బ్లేడుతో కాదు, సూదిమొనతో, ఒక్కో కుట్టూ లేపి. మియానీ విడిగా వచ్చాక దాన్ని బల్ల మీద పెట్టి అరచేత్తో సాపు చేసింది. పడుగు దారం నిలువుగా లేదు. ముక్క ఏటవాలు కోతలో ఉంది. ఆ రోజు ఆదిని చూసి తనే అలా కోసింది, ఎందుకో తెలియకుండా. ఇప్పుడు రెండు మూలలు పట్టి లాగింది. ఏటవాలు గుడ్డ సాగింది, వదిలితే వెనక్కి వచ్చింది. మనిషి అడుగు వేసినప్పుడు సాగవలసింది ఇక్కడ ఒక్కచోటే, మిగతా గుడ్డంతా కదలకుండా ఊరుకుంటుంది. సోమవారం రాత్రి దుప్పటి ముక్కల్లో తను పెంచుతూ తగ్గిస్తూ పోయింది వైశాల్యాన్ని. అసలు సంగతి కోసిన దిక్కులో ఉంది. గంపలగూడెం ముసలాయన ఎవరో గాని, ఐజాక్ గారిని ఎంతసేపు నడిపించి చూశాడో.

ప్రతి ముక్కనీ అట్టకాగితం మీద గీసింది. ముక్క మీద ముక్క పేరు రాసింది. తొమ్మిదేళ్ళలో మొదటిసారి.

పదకొండింటికి కరెంటు పోయింది. మోటారు బెల్టు తీసేసి తొక్కుడుకి మార్చి కుట్టింది. చెమట గుడ్డ మీద పడకుండా మస్తాన్‌బీ పక్కన కూర్చుని విసనకర్ర విసిరింది. మధ్యమధ్యలో, "ఇది తెల్లదానిదేనా, చూసుకున్నావా" అని అడిగింది. నాహిద్ ప్రతిసారీ చూసుకునే జవాబు చెప్పింది. రెండు తెల్ల పైజామాలు అయ్యాక నీలందాన్ని మళ్ళీ కూర్చింది. మూడున్నరకి సైఫుల్లా ఆటో ఆపి దాన్ని పట్టుకెళ్ళాడు. ఐదింటికి నాగలత లైవ్‌లోకి వచ్చిందేమో, రాలేదేమో. నాహిద్ ఫోను తీయలేదు. తెల్ల పైజామాల కుట్లు లోపలివైపు వేలితో తడుముతూ కూర్చుంది, ఎక్కడైనా గరుకు తగులుతుందేమోనని. ఒకచోట తగిలితే విప్పి మళ్ళీ వేసింది.

మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళిన మాణిక్యమ్మ ఫోను చేసింది, విజయవాడ నుంచి. "అయ్యాయా అమ్మా?"

"అయ్యాయి టీచరమ్మా. రేపు నేనే తెస్తాను."

"పాతది కూడా తే."

ఆ మాటకి నాహిద్ "రేపు వస్తాను" అంది.

గురువారం పన్నెండింటికి ఐజాక్ దంపతులు కారులో దిగారు. నాహిద్ అప్పటికే వాళ్ళ గేటు దగ్గర నీడలో నిలబడి ఉంది. ఆయన ఆసుపత్రి దుప్పటి నడుముకి చుట్టుకుని, రెండు చేతులతో దాన్ని ఒంటికి దూరంగా పట్టుకుని, ఎవరి వంకా చూడకుండా లోపలికి వెళ్ళిపోయాడు. మాణిక్యమ్మ కవరు అందుకుని పైజామా ఒకటి లోపలికి ఇచ్చి వచ్చింది. నాహిద్‌ను ముందు గదిలోకి పిలిచి రెండోది బల్ల మీద పరిచింది. కళ్ళద్దాలు పెట్టుకుని ముందువైపు చూసింది, లోపలికి చెయ్యి పెట్టి మియానీ తడిమింది, రెండు తొడల మీదా జానతో కొలిచింది.

"కుదిరింది. పాతదేది?"

"పోయింది టీచరమ్మా."

మాణిక్యమ్మ చెయ్యి గుడ్డ మీదే ఆగింది.

"మీ ఆది ఇంకొకరి గుడ్డ మీద పెట్టి కోశాను. చీటీ గుచ్చకపోవడం నా తప్పు. వాళ్ళు తమది కాదని పాతబట్టల్లో వేసేశారు. వెతికించా, దొరకలేదు. వాళ్ళకి కుట్టినదాన్నే విప్పి, దాన్ని చూసి ఇవి కుట్టా. ఎవరిదని వాళ్ళకి చెప్పలేదు."

మాణిక్యమ్మ పైజామాని మడతపెట్టింది, మళ్ళీ విప్పి మళ్ళీ మడతపెట్టింది.

"ఎనిమిదేళ్ళు దాచానమ్మా దాన్ని. ఇంట్లో ఇంకో గుడ్డముక్క కూడా అంత జాగ్రత్తగా దాచలేదు."

"అవునండి."

"నీకిస్తే చూసుకోనక్కర్లేదన్నారు అందరూ."

నాహిద్ తలదించుకోలేదు. దించుకుంటే ఏడుపొస్తుందని తెలుసు. మాణిక్యమ్మ ఇంకేదో అనబోయింది, లోపల తలుపు చప్పుడైంది.

ఐజాక్ తెల్ల పైజామాలో పెరట్లోకి వచ్చాడు. రోజుకి పది రౌండ్లు నడవమన్నారట డాక్టర్లు. కుళాయి దగ్గర నుంచి గోడదాకా, గోడ నుంచి కుళాయిదాకా మెల్లగా నడవడం మొదలుపెట్టాడు. నాహిద్ కిటికీలోంచి ఆయన మొహం వంక చూడలేదు, కుడి చెయ్యి వంకే చూసింది. బట్ట ఎక్కడైనా పడితే ఆ చెయ్యి నడుము దగ్గరికి వెళ్తుంది. తొమ్మిదేళ్ళలో ఎంతమందినో చూసింది, సరిపోయింది సరిపోయింది అంటూనే చేత్తో లాక్కునేవాళ్ళని.

ఒక రౌండు. చెయ్యి పక్కనే ఊగుతోంది. రెండో రౌండులో పైకి లేచింది. ఆయన ముక్కు గోక్కుని చెయ్యి దించేశాడు.

మూడో రౌండు మధ్యలో ఆయన ఆగి, కిందికి చూసుకుని, కిటికీ వైపు కేకేశాడు. "ఏమే, నా పైజామా ఇంత తెల్లగా ఎప్పుడు ఉతికావు?"

మాణిక్యమ్మ నాహిద్ వంక చూసింది. కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది.

"ఇంకా ఏడు రౌండ్లున్నాయి, నడవండి" అంది బయటికి. తర్వాత నాహిద్‌తో, గొంతు తగ్గించి, "ఇంకో రెండు కుట్టాలి. గుడ్డ తెస్తా. కానీ ఈసారి నేనూ వచ్చి కూర్చుంటా. కోసేదాకా లేవను" అంది.

"రండి టీచరమ్మా" అంది నాహిద్. కిటికీ దగ్గర నుంచి మాత్రం కదల్లేదు. మిగిలిన ఏడు రౌండ్లూ అయ్యేదాకా ఆ చేతినే చూస్తూ నిలబడింది.